నాలుగు గంటలకు మడిచిన చాప

ఎతెల్వీనా దగ్గర ఆరేళ్ళు జీపు నడిపాను. ఆమె కుడి భుజం మీద జానెడు కత్తి గాటు ఉండేది. స్వాతంత్ర్యానికి ఓటేశామన్న కసితో ముఠాలు మా తిమోర్‌ను తగలబెట్టిన ఆ సెప్టెంబరులో, కళ్ళెదుట తండ్రిని నరుకుతుంటే అడ్డం పడి తిన్న దెబ్బ అది. తండ్రి దక్కలేదు. అంతకు ముందు బళ్ళో లెక్కలు చెప్పేది. ఆ మంటల తర్వాత బడికి గోడలు కూడా మిగల్లేదు. శాంతి నెలకొల్పుతామంటూ దేశదేశాల జనం మా జిల్లాలో దిగితే, వాళ్ళందరినీ ఒక తాటి మీద నడిపే ఉద్యోగం ఆమెకు ఇచ్చారు.

ఒక తాటి మీద నడపడమంటే మాటలా? మొత్తం పదకొండు బృందాలు. ఒకరు మనసులకు వైద్యం చేస్తామంటారు, ఒకరు ఇళ్ళ కప్పులకు రేకులిస్తామంటారు, ఇంకొకరికి ఫొటోలు కావాలి. అందరికీ ఒకే ఊరు కావాలి, అదీ మంగళవారమే కావాలి. పైగా అందరూ మంచివాళ్ళే, అదే నాకు మంట. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి పంపించొచ్చు.

మా కొండల్లో పగ తీరాలంటే చాప పరవాలి. రెండు పక్షాలూ దాని మీద కూర్చుంటాయి. చెప్పాల్సిన వాళ్ళంతా చెప్పాలి, అడగాల్సిన వాళ్ళంతా అడగాలి. చివరికి ఒకరి తమలపాకు ఒకరు నమిలాకే చాప మడుస్తారు. అందుకు ఒక రోజు పట్టొచ్చు, నాలుగు రోజులూ పట్టొచ్చు. మధ్యలో మడిస్తే రాజీ చెడిందని, ఎవరి కత్తి వాళ్ళు తీసుకోవచ్చని అర్థం. ఇది మా దగ్గర పసిపిల్లలకూ తెలుసు. కాకపోతే ఇళ్ళతో పాటు ఊళ్ళలోని పెద్ద చాపలూ కాలిపోయాయి. ఊరూరికీ నేయించే తీరిక లేక ఎతెల్వీనా ఆఫీసు కోసం ఒకటి నేయించింది. దాన్నే జీపులో వేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళం.

లెయోలా అనే ఊరి వంతు వచ్చింది. ఆ ఊరిని తగలబెట్టిన ముఠాలో ఒకడైన బల్తజార్ సరిహద్దు అవతల గుడారాల్లో దాక్కుని ఉన్నాడు. ఎతెల్వీనా మూడుసార్లు వెళ్ళి బతిమాలింది.

"నన్ను చంపేస్తారక్కా."

"చాప మీద కూర్చున్నోణ్ణి ఎవడూ ముట్టుకోడు. నీ ప్రాణానికి నాది పూచీ. రా."

ఆ మాట పట్టుకుని వచ్చాడు. పొద్దున ఎనిమిదికి చాప పరిచాం. కాల్చిన ఇళ్ళ గురించి, నరికిన గేదెల గురించి ఒక్కొక్కరే లేచి అడిగారు. బల్తజార్ అన్నీ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు అతని ముఖాన ఉమ్మారు. తుడుచుకోకుండా కూర్చున్నాడు.

చివరి వరసలో కస్తొద్యా అవ్వ ఉంది. ఆమె పెద్దకొడుకును ఆ ముఠా కట్టి తీసుకుపోయి నరికింది. శవం దొరకలేదు. ఆ రోజు అక్కడున్న వాళ్ళలో మాకు దొరికినవాడు బల్తజార్ ఒక్కడే. ఎముకలు ఇల్లు చేరని మనిషి ఇంట్లోవాళ్ళను కుదురుగా బతకనివ్వడు. ఎక్కడ పూడ్చారో అడగాలని ముసలమ్మ మూడేళ్ళుగా కాచుకుని ఉంది.

మూడున్నర అయింది. ఆమె కంటే ముందు ఇంకా ముగ్గురున్నారు. చీకటి పడేలోగా ఏరు దాటాలని మాతో వచ్చిన విదేశీయుల నిబంధన. మర్నాడు ఇంకో ఊళ్ళో ఇదే చాప పరవాలని మా ఆఫీసు కేలండర్ నిబంధన. ఆ కేలండర్ రాసింది ఎతెల్వీనాయే.

"మిగతాది గురువారం చూద్దాం. లేవండి," అంది.

"నేనింకా అడగందే, అమ్మాయీ!" అంది కస్తొద్యా.

"గురువారం మొదటి మాట నీదే అవ్వా. ఒట్టు."

"అక్కా, మడవకు," అన్నాను నేను.

"నువ్వు నీ స్టీరింగు సంగతి చూసుకో, సిప్రియానో."

నాలుగు గంటలకు తన చేతుల్తోనే చాప మడిచింది. విదేశీయులు చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ళలో ఒక్క చెయ్యీ కదల్లేదు.

ఏరు చేరకముందే వెనక పొగ లేచింది. "తిప్పు," అంది ఎతెల్వీనా. అనుమతి లేదు, వెళ్ళొద్దు అని రేడియో అరుస్తుంటే దాని గొంతు నొక్కేసింది.

గురువారం దాకా ఉండమని బల్తజార్‌కు ఇచ్చిన గుడిసె మండుతోంది. వాకిట్లో అతణ్ణి రాళ్ళతో కొడుతున్నారు. దవడ విరిగి వేలాడుతోంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తెగి దుమ్ములో పడి ఉంది. నెత్తుటి కత్తి కస్తొద్యా చిన్నకొడుకు ఒలాందినో చేతిలో ఉంది. ఎతెల్వీనా జనాన్ని తోసుకుంటూ పోయింది. ఒక రాయి కణతకు తగలడంతో మోకాళ్ళ మీద కూలింది. అలాగే పాకుతూ వెళ్ళి బల్తజార్ మీద బోర్లా పడింది.

"లే అక్కా! లేవకపోతే నిన్నూ ఏసేస్తా!"

"వెయ్యరా. చాప మడిచింది నేను. నన్ను వెయ్యి."

"మా అన్నని నరికాడు వీడు!"

"నరికాడు. ఎక్కడ పూడ్చాడో నీకు తెలుసా? వీడు చస్తే ఎవణ్ణడుగుతావు?"

ఒలాందినో చెయ్యి లేచినది లేచినట్టే ఆగింది. ఈలోగా ముసలమ్మ వచ్చి కొడుకు చెంప పగలగొట్టింది.

"గాడిదా! ఆ చోటు తెలిసినోడు వీడొక్కడేరా!"

తన పైగుడ్డ చించి తెగిన చేతికి తనే కట్టు కట్టింది. ఎక్కడని అడిగింది. దవడ విరిగినవాడు ఏం చెబుతాడు? మిగిలిన చెయ్యి ఎత్తి కాఫీ తోటల వైపు చూపించాడు. అతణ్ణి చాప మీద వేసి జీపులో ఎక్కించాం. తల తన ఒళ్ళో పెట్టుకుంది కస్తొద్యా.

"చావకు. ఇప్పుడే చావకురా వెధవా. నా పిల్లాణ్ణి చూపించి చావు," దారంతా అదే మాట.

చెయ్యి ఎడమకు చూపిస్తే ఎడమకు తిప్పాను, కుడికి చూపిస్తే కుడికి. నాకు జాలి కలగలేదు, అబద్ధం ఎందుకు. ఆ చెయ్యి వాలిపోతుందేమోనని మాత్రం భయపడ్డాను. కూలిన కాఫీ కొట్టం వెనక, వాగు గట్టున రాళ్ళ కుప్ప చూపించాడు. ఆసుపత్రికి సగం దారిలో పోయాడు.

తెల్లారి తవ్వాం. మణికట్ల ఎముకలకు ఇనుప తీగ చుట్టి ఉంది, పుర్రె రెండుగా చీలి ఉంది. ముందు పన్ను వంకర చూసి తల్లి గుర్తుపట్టింది.

పోలీసులు ఒలాందినోను తీసుకుపోయారు. కత్తి ఎవరి చేతిలో చూశావని అడిగితే ఎతెల్వీనా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆఫీసుకు రాసిన కాగితంలో తప్పంతా తనదేనని రాసింది. ఆఫీసు పెద్దలు అది కొట్టేసి, వాతావరణం బాగాలేక కార్యక్రమం ఆగిందని రాసుకున్నారు. ఆ రోజు చినుకు కూడా పడలేదు.

ఎముకలు పూడ్చే రోజున కణతకు కట్టుతో వచ్చింది ఎతెల్వీనా. కస్తొద్యా ఆమెను తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు.

"పెద్దోడు ఇంటికొచ్చాడు, నీ దయ. చిన్నోడు జైలుకెళ్ళాడు, అదీ నీ దయే. ఇంకొక్క గంట కూర్చుని ఉంటే, అన్నకి గొయ్యి వాడే తవ్వేవాడు కదే."

గొయ్యి సగమే తవ్వి ఉంది. ఎతెల్వీనా చెప్పులు విడిచి దిగి, గునపం అందుకుంది. నేను సాయానికి కదిలాను. ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది.