ఒక వెంట్రుక ఎన్ని విత్తనాలు మోస్తుంది

మా ఇంటామె జుట్టు అసలు రంగేమిటో నాకు తెలియదన్న సంగతి నాకు అరవై తొమ్మిదో ఏట తెలిసింది.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. మట్టి నమూనాలు పరీక్ష చేసే ల్యాబులో పని చేసి రిటైరయ్యాను. రోజుకొక పేజీ. పైన వాన ఎంత పడిందో, లేకపోతే సున్నా. కింద ఆ రోజు జరిగింది. మూడు ఆదివారాలకొకసారి ఆ పేజీల్లో ఒకే మాట కనబడుతుంది: ‘తలకు రంగు.’ సంతలో దొరికే నల్ల గోరింటాకు పొడి ఇనుప మూకుడులో కలిపి, పెరట్లో ఎండకు కూర్చుని తలకు పట్టించుకునేది. ఎప్పుడు మొదలుపెట్టిందా అని వెనక్కి తిప్పితే మా తమ్ముడి పెళ్ళికి ముందు రోజు దొరికింది. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు. ఆ తరువాత ఆ పొడి కింద జుట్టు ఏమైందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఒక ఎండాకాలం పొద్దున కాఫీ తాగుతూ అంది: “ఇంక రంగు వద్దయ్యా. తెల్లగుంటే తెల్లగుండనీ. ఎట్లుంటానో ఒకసారి చూసుకుంటా.”

మంచి మాటే. కానీ నెల తిరిగేసరికి కుదుళ్ళ దగ్గర తెలుపు, కింద నలుపు. అద్దంలో చూసుకుని “ఉడుత మాదిరి ఉండాను” అంది. ఓపిక పట్టలేకపోయింది. మా పై వాటాలో నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె అద్దెకుంటుంది. నల్లరంగు పోగొట్టే పొడి ఉంటుందని, ఇంట్లోనే కలుపుకోవచ్చని, ఫోనులో చూశానని ఆ అమ్మాయి చెప్పింది. మా గార్లదిన్నెలో దొరకలేదు. అనంతపురం నుంచి తనే డబ్బా తెచ్చింది. ఒక పొడి పొట్లం, పాల మాదిరి ద్రవం ఉన్న సీసా.

పెరట్లో బండ మీద కూర్చోబెట్టి పూసింది. నేను గడియారం చూసి డైరీలో టైం రాసుకుంటూ పక్కనే కుర్చీ వేసుకున్నాను. ముప్పావు గంట ఉంచాలంట. పది నిమిషాలకు ఇంటామె అంది: “పాపా, తల కాలతాంది.”

“కొంచెం చురుక్కుమంటాది అవ్వా. డబ్బా మీద రాసినారు.”

“చురుక్కుమనేది కాదే. పెనం బోర్లించినట్లుండాది.”

నేను చెయ్యి దగ్గర పెట్టి చూశాను. నిజంగానే సెగ తగిలింది. అప్పుడే దించిన దోసె పెనం మీద అరచెయ్యి పెట్టినట్లుంది. అమ్మాయి భయపడి పైపు పట్టుకొచ్చింది. బోరు నీళ్ళు ధారగా పోశాం.

ఆరాక చూస్తే కుదుళ్ళు మీగడ రంగు, మిగతాదంతా ఇటుక రంగు, అక్కడక్కడా పాచి పచ్చ. తడిగా ఉన్నప్పుడు ఒక పాయ పట్టుకుని లాగితే రబ్బరులా సాగింది, వెనక్కి రాలేదు. ఎండితే మొక్కజొన్న పీచు. దువ్వెన పెడితే దువ్వెనతో పాటే వచ్చింది. నడుము దాకా ఉన్న జడ రెండు రోజుల్లో భుజాల కిందికి తెగి ఆగింది.

ఆ సాయంత్రం భూతద్దం పెట్టి డబ్బా మీది రాత అంతా చదివాను. లోహపు ఉప్పులు కలిసిన నల్లరంగు పొడులు వాడిన తల మీద దీన్ని పెట్టకూడదని ఉంది. ముందు నాలుగు వెంట్రుకలు కత్తిరించి పరీక్ష చేసి చూడాలని కూడా ఉంది. ఉద్యోగమంతా సీసా లేబిలు చదవకుండా మూత తిప్పని మనిషిని నేను. ఇది ఆడవాళ్ళ సంగతి కదా అని చదవలేదు. ఆ మాటే డైరీలో రాసుకున్నాను.

మామూలుగా అయితే పొట్టిగా కత్తిరించుకుంటే పోతుంది. మా వైపు అది కుదరదు. మొగుడున్న ఆడమనిషి, ఆ వయసులో, జుట్టు పొట్టిగా పెట్టుకుని బజారుకు పోతే మొదట అడిగేది నా గురించే. గుడిలో మొక్కు తీర్చుకుని గుండుతో వస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు, పైగా దండం పెడతారు. ఆ దారే చెప్పడానికి కంబదూరు నుంచి మా వదిన, ఇంటామెకు అక్క, దిగింది.

“ఏముండాదే దీంట్లో. మన ఇలవేల్పు గుడికి పోదాం. గుండు కొట్టించుకో. మొక్కు అని చెప్తే సరిపోయె. ఆరునెల్లకు మళ్ళా వస్తాది.”

ఇంటామె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. “అక్కా, పురుగు పట్టిన చెనక్కాయలు దేవునికి పోస్తామా?”

“దానికీ దీనికీ ఏం సంబంధమే?”

“చెడిపోయినాక ఇచ్చేది మొక్కెట్లయితాది? బాగున్నప్పుడు ఇచ్చుంటే మొక్కు. ఇప్పుడు పారేయాల్సింది తీసుకపోయి ఆయన నెత్తిన వేసేదా?”

“ఆయనకు తెలీదా ఏంది. తెలిసే తీసుకుంటాడు లే.”

“ఆయన తీసుకుంటాడు. నేనియ్యను.”

వదిన నా వైపు తిరిగింది. “మరిదీ, నువ్వన్నా చెప్పు.”

“చూద్దాం వదినా. ఏమన్నా చేయొచ్చేమో” అన్నాను. నాకు లోపల ఒక ఆలోచన ఉంది. రైతు మట్టి తెస్తే దాంట్లో ఏం తక్కువైందో చూసి అది వేయమని చెప్పడమే నేను చేసిన ఉద్యోగం. జుట్టులోనూ ఏదో తక్కువైంది, అది వేస్తే కోలుకుంటుంది అనుకున్నాను.

పేపర్లలో చదివినవన్నీ వరసగా మొదలుపెట్టాను. మెంతులు నానబెట్టి రుబ్బి వారం. పెరుగు వారం. తరువాత కోడిగుడ్లు. రెండు గుడ్లు గిలకొట్టి నేనే పట్టించాను. జిగురు బాగా వదలాలని వేడినీళ్ళు కాచి పోశాను. గుడ్డు వెంట్రుకల మధ్య ఉడికిపోయింది. పై వాటా అమ్మాయి, నేను చెరొక పక్కన కూర్చుని సాయంత్రం దాకా పలుకులు ఏరాం.

“ఏమయ్యా,” అంది ఇంటామె, “ఇన్ని ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు తరిగి వేసింటే పూర్తయ్యేది కదా.”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక మెట్లెక్కి పోయింది. మెంతులప్పటి నుంచీ దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఏ వారానివి ఆ వారం కాగితంలో కట్టి పెడుతున్నాను, ఏరేటప్పుడు తెగినవాటినీ అలాగే కట్టి పెట్టాను. అప్పటికి నాకు ఒక సంగతి అర్థమైంది: నేను మందు వేస్తున్నానే గానీ కొలవడం లేదు.

మందుల సీసా ఒకటి తీసుకుని దాని మెడకు దారం కట్టాను. ఒక వెంట్రుకను కిటికీ ఊచకు ముడివేసి, రెండో కొసకు ఆ సీసా తగిలించి, దాంట్లో చెనక్కాయ విత్తనాలు ఒక్కొక్కటే వేస్తూ పోయాను. తెగేలోపు ఎన్ని పడితే అంత బలం. పోల్చడానికి మంచి వెంట్రుక కావాలి కదా. ఇంటామె ట్రంకు పెట్టెలో ఒక సవరం ఉంది. పెళ్ళయిన కొత్తలో దువ్వినప్పుడు రాలిన తన వెంట్రుకలే చుట్టి దాచి కట్టించుకున్నది. దాంట్లోంచి ఒకటి అడిగాను.

“ఒక్కటే. లెక్కబెట్టి పెట్టుకున్నా” అని ఇచ్చింది.

సవరం వెంట్రుక నూటా పది విత్తనాలు మోసింది. నలభై ఏళ్ళ కింద రాలింది. ఇటుక రంగుది ముప్పై ఎనిమిదికి తెగింది. దాన్నే తడిపి కడితే ముందు జానెడు సాగింది, పంతొమ్మిదికి తెగింది. మెంతులు పెట్టినది, పెరుగు పెట్టినది, గుడ్డు పెట్టినది, అన్నీ ముప్పై ఐదు, నలభై మధ్యనే. గుడ్డుది అన్నిటికన్నా ముందే పుటుక్కుమంది. నేను మూడు వారాలు చేసిన సేవంతా ఆ సీసాలో తేలిపోయింది.

ఈ లెక్కలన్నీ రాసిన కాగితం జేబులో పెట్టుకుని ఇంటామెను బస్సెక్కించి అనంతపురంలో ఒక పార్లరుకు తీసుకుపోయాను. అక్కడ మగవాళ్ళు కూర్చోరు. గుమ్మం దగ్గర స్టూలు వేశారు. నడిపే ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. నా కాగితం చూసి నవ్వలేదు, పూర్తిగా చదివింది.

“సార్, మీరు దీన్ని చెట్టనుకున్నారు. ఇది కోసి వామి వేసిన గడ్డి. దానికి ఎరువేస్తే ఏమయితాది? తడవకుండా, చెదరకుండా కాపాడుకోవాల, అంతే. ప్రాణం ఉండేది తల లోపల. ఆడ నుంచి వచ్చేది బాగానే వస్తాది.”

తరువాత ఇంటామెను అడిగింది: “ఏ నీళ్ళతో పోసుకుంటారమ్మా?”

“బోరు నీళ్ళే. సీకాయతో.”

“మీ బకెట్టు అడుగున తెల్లగా పట్టుకుంటాది కదా. అదే ఈ వెంటికలకూ పడతాది. ఇవి ఇప్పుడు జల్లెడ మాదిరి ఉండాయి, అన్నిటినీ తాగేస్తాయి.”

మట్టికి నీళ్ళలోని ఉప్పు ఏం చేస్తుందో ముప్పై ఏళ్ళు రైతులకు చెప్పిన నేను స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాను.

ఆమె చెప్పినవి రాసుకున్నాను. వారానికి ఒక్కసారే తలస్నానం. మెత్తని షాంపూ, తరువాత కండిషనరు, అదీ కుదుళ్ళకు కాదు, కొసలకు. తడి తల దువ్వకూడదు. వెడల్పు పళ్ళ దువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తీయాలి. బిగించి జడ వేయకూడదు. నెలనెలా పైన ఎంత పెరిగితే కింద అంత కత్తిరించాలి.

“పొట్టిగా చేసుకోనమ్మా నేను” అంది ఇంటామె.

“పొట్టిగా ఎవరు చెయ్యమన్నారు? పొడుగు అంతే ఉంటాది. చెడ్డది కింద నుంచి పోతాది, మంచిది పై నుంచి వస్తాది. రెండేండ్లు పడతాది. ఓపికుండాదా?”

“ఓపిక లేకనే గదా ఇట్లయింది” అంది. “ఇప్పుడు నేర్చుకుంటా లే.”

నీళ్ళే కష్టమయ్యాయి. తాగే క్యాను నీళ్ళతో తల పోసుకుంటే మా వీధిలో ఒప్పుకోరు, ఆమె మనసూ ఒప్పుకోలేదు. చివర ఒక చెంబు మాత్రం క్యాను నీళ్ళు పోసుకునేది. నేను మిద్దె మీది గొట్టానికి డ్రమ్ము పెట్టి గుడ్డ కట్టాను, వాన వస్తే పట్టడానికి. ఆ ఏడు విత్తనం వేసిన రైతులు ఆకాశం వైపు చూస్తుంటే మేమూ చూశాం. మబ్బు పట్టినప్పుడల్లా పై వాటా అమ్మాయి మెట్ల మీద నుంచి “అవ్వా, నీ షాంపూ వస్తాంది” అని కేకేసేది. వచ్చిన వాన తక్కువే. కానీ నిండిన ఆ ఒక్క డ్రమ్మును నాలుగు నెలలు వాడుకున్నాం. వాన నీళ్ళతో పోసుకున్న రోజు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు బోరు నీళ్ళ రోజులో సగం కూడా లేవు. నేను లెక్కపెట్టాను కనక చెప్పగలను.

ప్రతి నెలా మొదటి ఆదివారం, ఒకప్పుడు ‘తలకు రంగు’ అని రాసిన చోట, ‘అర అంగుళం’ అని రాయడం మొదలుపెట్టాను. పెరట్లో అదే బండ మీద ఆమె కూర్చుంటే స్కేలు పెట్టి, గుర్తు పెట్టి, నేనే కత్తిరించేవాణ్ణి. మొదటిసారి స్కేలు మూడుసార్లు జరిపి జరిపి చూశాను. “పంచె అంచు కత్తిరిస్తాండావా, జుట్టు కత్తిరిస్తాండావా” అని ఆమె వెనక్కి చూడకుండానే అంది.

ఏడాది దాటిన తరువాత ఒక ఆదివారం ఎడమ చెవి వెనక పాయ ఎత్తి చూసి ఆగిపోయాను. మిగతా తలంతా తెల్లగా వస్తోంది. ఆ ఒక్క పాయ మాత్రం కుదుళ్ళ నుంచి నల్లగా ఉంది. పాత రంగు మిగిలిందేమో అని రెండు నెలలు చూశాను. కాదు. పెరిగేదే నలుపు. అద్దం పట్టి చూపించాను.

చాలాసేపు చూసుకుంది. “దీనికీ ఇన్నేండ్లు రంగు పూసినానా” అంది.

ఆ పాయలోంచి ఒకటి, తెలుపులోంచి ఒకటి అడిగి తీసుకుని కిటికీ దగ్గర సీసా కట్టాను. ఇన్నాళ్ళూ ఆ సీసాను చూసి నవ్విన మనిషి ఈసారి స్టూలు జరుపుకుని కూర్చుని తనే విత్తనాలు వేసింది. నల్లది నూటా రెండు. తెల్లది తొంభై ఎనిమిది దగ్గర ఆమె చెయ్యి ఆపింది.

“ఇంకా మోస్తాదేమో, వెయ్యి” అన్నాను.

“వద్దు. దాన్ని తెంచేదెందుకు” అని సీసా విప్పేసింది.

రెండో చెనక్కాయ పంట పీకేసరికి ఇటుక రంగు కొసల్లో అంగుళం మిగిలింది. ఇంకో రెండు నెలలకు అదీ పోయింది. భుజాల కిందికి తెల్లని జుట్టు, ఎడమ పక్క నల్ల చార. చిన్న ముడి వస్తుంది. ఆ వారమే ఆమె అక్కకు ఫోను చేసి మనం గుడికి పోదాం అంది.

గుడి వెనక రేకుల షెడ్డులో తలనీలాలు తీసే ఆయన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని “రామ్మా, కూచో. గుండు కదా?” అన్నాడు.

“కాదప్పా. మూడు కత్తెరలు.”

వదిన అడిగింది: “ఏం మొక్కుకున్నావే? నాకు చెప్పనే లేదే.”

“మొక్కేమీ లేదక్కా. ఇప్పుడు మంచిది ఉండాది. అందుకే ఇస్తాండా.”

ఆయన రెండు కత్తెరలు తెలుపులోంచి తీశాడు. మూడోదానికి ఇంటామె తల పక్కకు తిప్పి, చెవి వెనక నల్ల పాయ వేలితో చూపించింది. “ఒకటి ఈడ నుంచి తియ్యప్పా.”

మూడూ కలిసి ఆయన పళ్ళెంలో పడ్డాయి. నేను వంగి ఒక్క వెంట్రుక తీసుకోబోయాను.

“ఏమయ్యా,” అంది ఆమె ముడి వేసుకుంటూ, “అవి దేవునివి. నీ సీసాకు కాదు.”