షెడ్డులో ఎప్పుడూ మొరాయించని కారు

కార్ల వైరింగ్ డయాగ్రమ్‌లను, అంటే బండిలో కరెంటు ఏ తీగ వెంట ఎటు పోతుందో చూపే బొమ్మలను, నేను నవలల్లా చదువుతాను. పడుకునే ముందు ఒకటైనా చూడకపోతే నిద్ర పట్టదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నిరుడు వేసవిలో వచ్చిన ఒక పాత డీజిల్ కారు దగ్గర ఆ చదువు సగం దారిలో ఆగిపోయింది. నందిగామలో హైవే పక్కనున్న బాబాయ్ షెడ్డులో ఎలక్ట్రికల్ పని నాది. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చి పోతాను. కారు మా ఊరి ఖాసిం గారిది. కిరాయికి తిప్పుతారు. రాజ్యం గారనే పెద్దావిడను డయాలసిస్‌కి విజయవాడ తీసుకెళ్లి తీసుకొచ్చేది ఆయనే.

"పొద్దున చాలాసార్లు నిక్షేపంలానే కదులుద్ది తల్లీ. ఆస్పత్రి దగ్గర ఆపానా, ఇక దాని ఇష్టం. ఓసారి ఠక్కున అందుకుంటది, ఓసారి ఉలుకూ పలుకూ ఉండదు. మొన్న ఆవిడ నీరసంగా బయటికొచ్చి, అట్టాగే మెట్ల మీద కూర్చుండిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది," అన్నారు.

వేరే కారు మాట్లాడదామని ఆవిడ కూతురు అప్పటికే అంటోందట. ఆవిడే ఒప్పుకోవడం లేదు. ఖాసిం గారు మాత్రం, బండి బాగుపడకపోతే తనే తప్పుకుంటానన్నారు. దారిలో ఆవిడ కాసేపు దిగుతానన్నా, మళ్లీ అందుకోదేమోనని ఇంజను ఆపడానికి ఆయనకు చెయ్యి రావడం లేదట.

అంతకుముందే మరోచోట బ్యాటరీ మార్చారు, ఇంజనును మొదట తిప్పే స్టార్టర్ మోటార్ కూడా మార్చారు. నేను ఎర్త్ తీగ విప్పి శుభ్రం చేసి బిగించాను. స్టార్టర్ మీద సోలినాయిడ్ అని ఒక స్విచ్చు ఉంటుంది. తాళం తిప్పగానే సన్నని తీగలోంచి దానికి కరెంటు అందాలి. ఆ తీగకు టెస్ట్ లాంప్ తగిలించి తాళం తిప్పాను. బల్బు వెలిగింది, కారు స్టార్టయింది. ఇంజను వేడెక్కించి చూశాను, చల్లారనిచ్చి చూశాను. ప్రతిసారీ అంతే. బండి ఆయన చేతికిచ్చాను. రెండో ట్రిప్పుకే విజయవాడలో మళ్లీ మొరాయించింది.

"నీ బండికి మా షెడ్డంటే భక్తి ఖాసిమూ. ఇక్కడ మాత్రం బుద్ధిగా ఉంటది," అని బాబాయ్ నవ్వాడు. ఖాసిం గారు నవ్వలేదు.

సాధారణంగా నేను తాళం తీసుకుని, బండివాళ్లను టీ కొట్టుకు పంపేసి, ఒక్కదాన్నే పని చేసుకుంటాను. మాటలు నాకు కష్టం. కానీ ఆ రోజు చూడవలసినవన్నీ చూసేశాను. షెడ్డులో జరగనిది, ఆయన దగ్గర జరుగుతున్నది ఏమిటో తేలాలంటే ఆయనే కూర్చోవాలి.

"మీరు రోజూ ఎట్టా స్టార్ట్ చేస్తారో, అట్టాగే చెయ్యండి," అన్నాను. టెస్ట్ లాంప్‌ను పొడుగు తీగతో మళ్లీ తగిలించి, బల్బు పట్టుకుని ఆయన తలుపు పక్కన నిలబడ్డాను.

ఆయన జేబులోంచి ఒక తాళాల గుత్తి తీశారు. పిడికిట్లో పట్టనంత గుత్తి. కారు తాళాన్ని దానికి తగిలించి తిప్పారు. చప్పుడు లేదు. నా చేతిలో బల్బు వెలగలేదు.

"అదేంటయ్యా, కొండపల్లి కోట తాళాలా?" అన్నాడు బాబాయ్.

"మా వీధివాళ్లవి బాబాయ్. ఊరెళ్తూ నా చేతికే ఇచ్చిపోతారు. షెడ్డులో బండి వదిలేప్పుడు వాళ్లిళ్ల తాళాలు వదలగూడదు గదా, కారు తాళం ఒక్కటే తీసి ఇస్తా."

నేను వంగి ఆ గుత్తిని అరచేత్తో కింద నుంచి ఎత్తి పట్టుకున్నాను. "ఇప్పుడు తిప్పండి."

బల్బు వెలిగింది. ఇంజను అందుకుంది.

ఏళ్ల తరబడి ఆ బరువు వేలాడి తాళం దూరే గొట్టం అరిగింది. దాని వెనకుండే ఇగ్నిషన్ స్విచ్ వదులైంది. గుత్తి ఒక వైపు వాలితే స్విచ్చులోని రేకులు తగులుతున్నాయి, ఇంకో వైపు వాలితే తగలడం లేదు. రెండూ కొత్తవి తెప్పించి బిగించాను. గుత్తి ఇంట్లో పెట్టి రమ్మంటే ఖాసిం గారు ఒప్పుకోలేదు.

"నమ్మి ఇచ్చారమ్మా. నా ఒంటి మీద ఉండాల్సిందే."

చివరికి కొక్కెం ఒకటి ఇస్తే, కారు తాళం విడిగా ఉంచి గుత్తిని బెల్టుకు తగిలించుకున్నారు. నడుస్తుంటే గలగలమంటున్నారని బాబాయ్ ఆట పట్టించాడు.

అప్పటి నుంచి ఏ బండి వచ్చినా తాళం ముందే అడగను. యజమానిని కూర్చోబెట్టి, ఆయన చెయ్యి ఎక్కడ పడుతుందో, కాలు ఎక్కడ ఆనుతుందో చూస్తాను. డయాగ్రమ్‌లో బండి ఉంటుంది గానీ, దాన్ని నడిపే మనిషి ఉండడు. ఇప్పటికీ అడగడం నాకు కష్టమే, అయినా అడుగుతాను.

కొన్నాళ్లకు విజయవాడ నుంచి తిరిగొస్తూ ఆ కారు మా షెడ్డు ముందు ఆగింది. ఇంజను కూడా ఆగింది. బాగుచేసింది మళ్లీ చెడిందేమోనని టెస్ట్ లాంప్ అందుకుని బయటికొచ్చాను. వెనక తలుపు తెరుచుకుంది. రాజ్యం గారు మెల్లగా కాళ్లు కింద పెట్టి నా వైపు చూశారు.

"నేనే ఆపమన్నానమ్మాయ్. తొందరేం లేదు, ఒక కుర్చీ వెయ్యి."