అమ్మ సూది, అమ్మ ఏకాదశి

అమ్మను ఆ సూదే తినేసిందని పరామర్శకు వచ్చినవాళ్లు అన్నారు. కాదు. జబ్బు ఆమెను చాలా ముందే తినేసేది. సూది అడ్డుపడింది. పోయినవాళ్ల ఇంట్లో వాదించకూడదంటారు. ఈ ఒక్క విషయంలో నేను ఊరుకోను.

నాన్న పోయాక బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. నాకు రైలింజన్ల షెడ్డు ఆఫీసులో ఉద్యోగం. మధుమేహం ముదిరి అమ్మ ఒళ్లు సగమైపోయినప్పుడు డాక్టరు ఇన్సులిన్ మొదలుపెట్టాడు. రెండు పూటలా భోజనానికి ముందు కాంపౌండరు ఇంటికి వచ్చి ఇచ్చేవాడు. ఆయన వచ్చేదాకా అమ్మ తినకూడదు. ఏకాదశి నాడు మాత్రం ఆమే వద్దని తిప్పి పంపేసేది.

ఒకసారి పొద్దున రావలసినవాడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు.

"నీ డ్యూటీ కుదిరితేగానీ నాకు కూడు లేదేటి? ఆ గొట్టం ఇలాగియ్యి. నానే పొడుసుకుంటాను," అంది అమ్మ.

కాంపౌండరు నవ్వాడు. "ఇదేమన్నా అట్లకాడ అనుకున్నారా మామ్మగారూ? చెయ్యి వణికితే?"

"నీ సెయ్యి వణకదేటి నాయనా? నిన్న రెండుసార్లు పొడిసావు."

డాక్టరు ఒప్పుకున్నాడు. నేర్చుకోవడం అంత తేలిక కాలేదు. సిరంజిని విడదీస్తే గాజు గొట్టం, అందులో ఆడే గాజు కడ్డీ, సూది. వాటిని గుడ్డలో చుట్టి, చన్నీళ్లలో వేసి, ఆ తర్వాతే గిన్నెను పొయ్యి మీద పెట్టాలి. మరిగే నీళ్లలో వేసి మొదటి గొట్టాన్ని పగలగొట్టాం. గొట్టం మీద రెండు వరసల గీతలుండేవి. పలచటి మందుకు ఒకటి, చిక్కటి మందుకు ఒకటి. సీసాలో ఏ మందుందో చూసుకోకుండా గీత చూస్తే రెట్టింపు ఒంట్లోకి పోతుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. సీసా నేను చదివేవాణ్ని. గొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి గీతలు ఆమే లెక్కపెట్టుకునేది. గాలిబుడగ పైకి తేలేదాకా గోటితో తట్టేది. తొడ మీద చర్మం పట్టుకుని పొడుచుకునేది. బియ్యంలో రాళ్లేరేటప్పుడు ఎలాంటి ముఖమో అప్పుడూ అదే ముఖం.

అంతలో ఏకాదశి వచ్చింది. మావాళ్లలో భర్త పోయిన ఆడవాళ్లు ఆ రోజు మంచినీళ్లయినా ముట్టరు. కాంపౌండరును తిప్పి పంపినట్టు సొంత చేతిని తిప్పి పంపడం ఆమెకు ఇష్టం లేకపోయింది. మందు డాక్టరుది, ఉపవాసం దేవుడిది, ఒకదాని జోలికి ఒకటి పోదనుకుంది. పొడుచుకుని, ఏమీ తినకుండా పూజకు కూర్చుంది. కొంతసేపటికి ఒళ్లంతా చెమట పట్టి, మాట తడబడి, తులసి కుండీ పక్కన కూలబడింది. మందు వేసుకుని తినకపోతే ఇలాగే అవుతుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. బెల్లం నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాను. తేరుకుంది.

సంగతి తెలిసి ఊళ్లోనే తోర్వా పేట నుంచి పెద్దమ్మ వచ్చింది. ఆమె అమ్మకు సొంత అప్ప, అంటే అక్క.

"సూసావా? దేవుడి రోజున మందెక్కించుకుంటే ఆయనూరుకుంటాడేటే? ఆ సూది ఒగ్గేయ్."

"సూది తప్పేటుందప్పా? దాని పని అది సేసింది. కూడు పెట్టంది నాను."

"అయితే ఏకాదశి ఒగ్గేస్తావా? మొగుడు పోయినదానివి, నలుగురూ ఏటనుకుంటారు?"

"అచ్ఛా! ఆ నలుగురూ రోజూ వచ్చి నాకు పొడుస్తారేటి?"

తర్వాతి ఏకాదశికి పెద్దమ్మ పొద్దున్నే వచ్చి మా వరండాలో కూర్చుంది. చెల్లెలు నిజంగానే ఉపవాసం మానేస్తుందా లేదా చూడాలని. అమ్మ సిరంజి మరగబెట్టుకుంది, పొడుచుకుంది. ఆకు వేసుకుని అన్నం, పప్పు వడ్డించుకుంది. నేను వీధి తలుపు దగ్గరకు వేయబోయాను.

"తీసుంచు," అంది అమ్మ.

కుళాయి దగ్గర బిందెలు పట్టుకుంటున్న ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు. పెద్దమ్మ ముఖం పక్కకు పెట్టుకుంది.

"అప్పా, పులుసు కూడా ఉంది. తింటావేటి?" అని అడిగింది అమ్మ, ముద్ద కలుపుతూ.

 అమ్మ ఆకు ఖాళీ అయ్యేదాకా పెద్దమ్మ వరండాలోంచి లేవలేదు.