ఆదివారం నడిచిన మగ్గం

మా చిన్నప్పుడు... సూరత్ ఆసుపత్రి వరండాలో మా బాపు, అంటే నాన్న, రూతమ్మకు ఒక మాట ఇచ్చాడు. నిలబెట్టుకోలేదు.

మొన్న ఆయన వర్ధంతికి మా తమ్ముడి కొడుకులు ఫోటోకు దండ వేసి, 'మాట తప్పని మనిషి' అని మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సూరత్‌లోనే అడాజన్ వైపు నా ఫ్లాటులో కూర్చుని అది చదివి సిగ్గుతో చచ్చిపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకోండి...

అప్పట్లో మగ్గాల కార్ఖానా వెనక గదుల్లో ఉండేవాళ్లం. గోడ అవతల రూతమ్మ. మా కరీంనగర్ వైపు మనిషే, ఏసును నమ్ముకున్న ఇల్లు. మా అవ్వ, అంటే అమ్మ, ఆమె ఇద్దరూ వాకిట్లో కూర్చుని కండెలకు నూలు చుట్టేవారు.

అవ్వకు కాన్పు కష్టమైంది. పాప దక్కలేదు. జ్వరం దిగలేదు. మందు నోట్లో పోస్తే ఉమ్మేసి గోడవైపు తిరిగి పడుకునేది. బతకాలని ఆమెకే లేకపోతే నేనేం చేయనన్నాడు డాక్టరు.

పురిటి మైలని మా చుట్టాలు ఆసుపత్రి గడప తొక్కలేదు. రూతమ్మ వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుని, అవ్వ చెయ్యి పట్టుకుని, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టే ప్రార్థన చేసేది... "దేవా, ఈమె నీ మీద అలిగింది. నువ్వు గూడ అలిగితె ఎట్ల? ఇద్దరు జర మాట్లాడుకోండ్రి."

అవ్వకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మందు మింగింది.

ఇంకోరోజు అడిగింది. "నా బిడ్డ యాడున్నది రూతక్కా?"

"ఆయన ఒడిల ఉన్నది. పైలంగ ఉంటది. నువ్వు గిప్పుడే పోయి గుంజుకోకు."

అవ్వ చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి కూర్చుని గంజి అడిగింది...

అది చూసిన బాపు వరండాలో చేతులు జోడించాడు. "చెల్లె, నా పెండ్లాం ఇంటికొస్తె మీ కూటంల నిలబడి చెప్త. ఏసయ్య పేరు జెప్త, నీ పేరు జెప్త."

అవ్వ ఇంటికొచ్చింది. ఆదివారం రూతమ్మ గదిలో కృతజ్ఞత కూడిక. ఎక్కడెక్కడి కార్ఖానాల నుంచో మన తెలుగువాళ్లు వచ్చారు. అవ్వ పెళ్లిచీర కట్టుకుంది.

అప్పుడే దిగాడు మా పెద్దబాపు, బాపు అన్న. బాపుకు కార్ఖానాలో పని ఇప్పించినవాడు. వాకిట్లోనే నిలబడి, "ఏందిరా, వాళ్లల్ల కలుస్తున్నవంట? ఆ రూతమ్మ నీకేమైతది?" అన్నాడు.

"ఏం గాదన్నా... గామెవరో నాకు ఎర్కనే లేదు."

రూతమ్మ తన గడపలోనే చాప దులుపుతూ ఉంది. దులపడం ఆపి లోపలికి వెళ్లిపోయింది.

బాపు అవ్వనూ మమ్మల్నీ లోపలే ఉంచి తలుపుకు బయట గొళ్లెం పెట్టాడు. పక్కగది పాటలు అవ్వ చెవిన పడకుండా, సెలవు రోజని కూడా చూడక కార్ఖానాలోకి పోయి మగ్గం నడిపాడు. గోడలు అదిరిపోయాయి.

నేతవాడు అంత చిన్న సంగతి ఎట్లా మరిచాడో! మగ్గం చప్పుడు మీద గొంతెత్తడం మా ఆడవాళ్లకు కొత్తా? అవ్వ పెళ్లిచీరలోనే గోడకు చెయ్యి ఆనించి నిలబడి, రూతమ్మ ఆసుపత్రిలో నేర్పిన పాట గట్టిగా పాడింది. గోడ అవతల రూతమ్మ గొంతు ఇంకా పైకి లేచింది. బాపుకు మాత్రం మగ్గం తప్ప ఏమీ వినపడలేదు...

ఆ తర్వాత ఆయన రూతమ్మను చెల్లె అని పిలవలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఇన్నేళ్లలో ఎన్నో పుస్తకాలు చదివాను. ఆయన అన్న ఆ ఒక్క మాటకు సాకు ఎందులోనూ దొరకలేదు.

ఇప్పుడక్కడ పెద్ద పెద్ద బిల్డింగులు. పక్కింటి పాట ఎవరికీ వినపడదు. మీ ఇంట్లో ప్రాణం నిలబెట్టిన పొరుగువాళ్లను ఎవరైనా ఇట్లా ఎరగనే ఎరగమని అన్నారా? ఉంటే రాయండి... ఒక్కడినే సిగ్గుపడీ పడీ అలిసిపోయాను.

ఆ ఆదివారం సంగతి తెలిసిన మావాళ్లు ఇప్పటికీ పెద్దబాపునే తిడతారు. ఆయన అడిగాడు, అంతే. జవాబు చెప్పింది మా బాపు... నర్సయ్య.