వచ్చే ఓడకి గంజి

మొన్న ఆదివారం మా అక్కకి కప్పిన శాలువా ఇంకా కుర్చీ వీపు మీదే వేలాడుతోంది. తియ్యమని ఆవిడ అనదు, తియ్యడానికి నాకు చెయ్యి రాదు. మా హోప్ టౌన్ యువజన సంఘం వారు చిరకాలంగా సేవ చేసిన పెద్దలకీ, ఈ ఏటి యువ నాయకుడికీ కలిపి ఒకే వేదిక మీద సన్మానం చేశారు. మైకూ, పూలదండలూ, ఫొటోలూ, దేనికీ లోటు లేదు. అప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. నా ఈడువాళ్ళు, ఓడ దిగి ఈ దీవుల్లో కాలు పెట్టినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే నా గోడు మీకే అర్థమవుతుంది.

ఆ రోజుల్లో విశాఖ రేవులో ఓడెక్కినవాళ్ళు ఇక్కడ దిగేసరికి మనుషుల్లా ఉండేవారు కారు. సముద్రం కుదిపిన కుదుపుకి పేగులు నోట్లోకి వచ్చి, వేటకి వచ్చిన జాలరి కుటుంబాలూ, మా నాన్నలా చిన్న గుమాస్తా ఉద్యోగానికి వచ్చినవాళ్ళూ ఒకే తీరున రేవు గట్టు మీద చతికిలబడేవారు. మేము దిగిన నాడు అమ్మ అక్కడే సొమ్మసిల్లి పడిపోతే, గుక్కెడు మంచినీళ్ళకోసం అక్క భాష రాని గుమ్మాలన్నీ తిరిగింది. ఆ సంగతి ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది. కాస్త ఎదిగాక, వాలీబాల్ తప్ప మరో ధ్యాస లేని సంఘం కుర్రాళ్ళని కేకలేసి కూడగట్టి, ఓడ వచ్చే రోజున గంజి కాయించి, గుండిగలకి మూతలు బిగించి, వెదురుబొంగులకి కట్టి, ఫెర్రీ మీద ఓడ ఆగే ఆవలి రేవుకి మోయించేది. తొలిసారి ఉత్సాహం కొద్దీ చేపల పులుసు పట్టుకెళ్ళారు. ఆ వాసనకి దిగినవాళ్ళు దిగినట్టే మళ్ళీ వాంతులు! ఆ దెబ్బతో ఉప్పేసిన పల్చటి గంజీ, నిమ్మకాయ ఊరగాయ బద్దా ఖాయమయ్యాయి. చిన్నాపెద్దా అందరికీ ఆవిడ దీదీ అయిపోయింది, ఇక్కడి హిందీ అలవాటై ఓడ ఆవిడ నోట జహాజ్ అయిపోయింది.

ఓసారి చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న ఒక జాలరి ఆవిడ ముఖం తిప్పేసుకుని, అడుక్కుతినడానికి రాలేదంది. అక్క ఆవిడ పక్కనే నేల మీద కూలబడి, "అడుక్కోడం కాదే అమ్మా, ఇది వొంతు. ఈ జహాజ్‌కి తాగడం నీ వొంతు, వచ్చే జహాజ్‌కి పొయ్యడం నీ వొంతు" అంది. ఆవిడ తాగింది. తరవాతి ఓడకి అందరికంటే ముందే వచ్చి పొయ్యి రాజేసింది కూడా. మా సంఘంలో చేరడమంటే అంతే, వేరే చందాలూ సంతకాలూ లేవు. చౌల్దారీలో పొలం పనులకి కుదిరినవాళ్ళూ, ప్రోతరాపూర్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్ళూ కూడా తమ వంతు రోజున బస్సెక్కి వచ్చేవారు.

తరవాత విమానాలొచ్చాయి, ఉద్యోగస్తులు ఓడ మానేశారు. గంజి తాగి నిలదొక్కుకున్నవాళ్ళ పిల్లలకి ఓడంటే ఒక కథ. ఏరు దాటి తెప్ప తగలేశారని నేను తిట్టుకునేదాన్ని గాని అక్క ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఓడ ఆగలేదు కదా! కూలికి వచ్చేవాళ్ళు, ఏ భాషవాళ్ళో, ఇప్పటికీ అవే ముఖాలతో దిగుతారు. గుండిగ పోయి గిన్నె వచ్చింది, మోసేవాళ్ళు తగ్గి తగ్గి చివరికి ముసలమ్మలం మేమిద్దరమే మిగిలాం. నిరుడు అక్క మోకాళ్ళు కూడా సెలవు పుచ్చుకున్నాయి. ఆ గిన్నె నేనొక్కదాన్నీ ఎత్తలేను.

అందుకే సన్మానానికి పిలవడానికి కుర్రాళ్ళు వచ్చినప్పుడు అక్క ముఖం వెలిగిపోయింది. గంజి పని ఇక వీళ్ళు అందుకుంటారే అని నాతో పదే పదే అంది. గంజి పోసే పెద్ద ఇత్తడి గరిటెని చింతపండు పెట్టి తోమి, కొత్త తువ్వాల్లో చుట్టి సభకి తెచ్చుకుంది. యువ నాయకుడిగా బహుమతి అందుకున్నవాడు ఆనాటి జాలరి ఆవిడ మనవడే. మంచివాడు, క్రికెట్ పోటీలు బాగా నడుపుతాడు. అక్క మైకు దగ్గర నిలబడి, "బచ్చేలోగ్, వచ్చే జహాజ్‌కి గంజి ఎవులు కాత్తారర్రా?" అని పిల్లలందరినీ అడిగి, గరిటె వాడి ముందుకి చాచింది.

హాలంతా చప్పట్లు. వెటకారం కాదు, కళ్ళు చెమర్చి మరీ కొట్టారు. ఆ కుర్రాడు గరిటెని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, దీన్ని సంఘం హాల్లో అద్దాల బీరువాలో పదిలంగా పెడతామని హిందీలో ప్రకటించాడు. మళ్ళీ చప్పట్లు. అక్క చేతులు అలా చాచే ఉన్నాయి. ఎవరో వాటిలో జ్ఞాపిక పెట్టి ఫొటో తీశారు.

ఈ ఉదయం ఓడ కూసింది. అక్క అలవాటు కొద్దీ గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, గరిటె తగిలించే మేకు కేసి చెయ్యి చాపి, ఖాళీ మేకుని తడిమి, తిరిగి వచ్చి శాలువా ఉన్న కుర్చీలోనే కూర్చుంది. ఇంట్లో బియ్యం ఉంది, వేరే గరిటెలూ ఉన్నాయి. మా రోజుల్లో మాకు దండ వేసినవాడు లేడు గాని, పిలిస్తే బొంగు భుజానికెత్తుకునేవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు దండలకి కొదవ లేదు. అక్క మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఓడ దిగినవాళ్ళు ఈ పూట ఏం తిన్నారో నాకు తెలియదు. కనుక్కుందామన్నా, రేవులో మావాళ్ళెవరూ లేరు.