మారికుప్పం రైల్లో అమలక్క సభ

అమలోర్పవం అనే పేరు మా బోగీలో చాలామందికి నోరు తిరగలేదు. టేకల్‌లో కొత్తిమీర మూటలతో ఎక్కే చిక్కవెంకటప్ప కొన్నాళ్లు తంటాలు పడి, కడకు ‘అమలక్క’ అని తేల్చేసినాడు. ఇంగ అందరికీ ఆమె అమలక్కే.

ఆమెది కేజీఎఫ్‌లో చాంపియన్ రీఫ్స్. తాత, నాయన ఇద్దరూ బంగారు గనిలో దిగినవాళ్లు. గని మూతపడినాక అక్కడ చానామందికి కూడు పెట్టేది ఈ రైలే. తెల్లారకముందే మారికుప్పంలో ఎక్కి బెంగళూరులో పని చేసుకొని, పొద్దుగూకినాక తిరిగొస్తారు. అమలక్క అక్కడొక పెద్దాసుపత్రిలో ఆయా. ఆదివారాలు కూడా డ్యూటీ పడేది. చర్చికి పోయే వీలు లేక, కిటికీ పక్కన కొంగు తలమీద కప్పుకొని తన ప్రార్థన తానే చేసుకునేది. మొదట్లో మనసులోనే. తర్వాత పెదవులు కదిలినాయి. ఒక ఆదివారం గొంతు దానంతటదే లేచింది. ఆమెకు అరవ కీర్తనలూ వచ్చు, తెలుగు కీర్తనలూ వచ్చు. ఇద్దరు నర్సమ్మలు, బిస్కెట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన వచ్చి పక్కన చేరినారు. ఆదివారం పాట మెల్లగా రోజూ పాట అయింది.

తంటా యాడొచ్చిందంటే, ఆ బోగీలో అప్పటికే మా భజన మండలి ఉండాది. దానికి పెద్ద గురురాజ గారు. బంగారపేటలో ఎక్కే బ్యాంకు ఉద్యోగి, గట్టి గొంతు. నేను ఆయనకు తాళాలు వేసేవాణ్ణి. మేము హరి భజన ఎత్తుకుంటే పక్క సీట్లలో వాళ్లు యేసు కీర్తన ఎత్తుకునేవాళ్లు. మేము ఒక మెట్టు పెంచితే వాళ్లు రెండు మెట్లు పెంచేవాళ్లు. మాలూరు వచ్చేసరికి రెండు పక్కలా గొంతులు పోయేవి. నడుమ కూర్చున్నవాళ్లకు నిద్ర పోయేది.

ఒకనాడు అమలక్కకు జలుబు. కీర్తన మొదలుపెట్టి పల్లవి దగ్గర గొంతు పట్టేసింది. అప్పుడు మా మండలిలోంచే ఎవరో ఆ పల్లవి అందుకున్నారు. చూస్తే గురురాజ గారు! రోజూ పోటీపడి వినీ వినీ ఆయనకు పాటంతా వచ్చేసింది. నాకు తెలీకుండానే నా తాళాలు కూడా కలిసినాయి. అమలక్క మమ్మల్ని నోరు తెరుచుకొని చూసి, దగ్గుతా నవ్వుతా, నవ్వుతా దగ్గుతా సీటులోనే వాలిపోయింది. గొంతు బాగైన రోజు మా హరి భజనకు ఆమె వంత పాడింది. ఆనాటి నుంచి ఆ పక్క, ఈ పక్క అనేది లేకుండాపోయింది.

ఈ సంగతి ఆమె తనంతట తానే వాళ్ల చర్చి ఫాదర్‌కు చెప్పింది. ఆయన కోప్పడలేదు గానీ, దేవుని బిడ్డలు కలిసేదాన్ని సభ అంటాం కదా, నీ సభ యాడుండాదమ్మా, చర్చిలోనా రైల్లోనా అని అడిగినాడంట. ఆ మాట పట్టుకొని ఆమె కొన్నాళ్లు పాట మానేసింది. ఆమె పాడకపోతే మా భజన కూడా పస లేకుండా సాగేది.

అప్పుడే చిక్కవెంకటప్ప భార్య హనుమక్కకు కడుపులో గడ్డ అని తేలింది. ఆపరేషన్ అమలక్క పనిచేసే ఆసుపత్రిలోనే. లోపలికి తీసుకుపోయే ముందు హనుమక్క ఆమె చెయ్యి పట్టుకొని, “అక్కా, నాకోసం మీ దేవునికి చెప్పు. మా ఊరి గంగమ్మకూ చెప్పు” అనింది.

అమలక్క ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకునిందంట. తర్వాత, “మీ గంగమ్మకు నువ్వు చెప్పుకో తల్లీ, నేను చెయ్యి వదలను. మా దేవునికి నేను చెప్తాను, నువ్వు నా చెయ్యి వదలొద్దు” అనింది. ఇద్దరూ చెరొక దేవుణ్ణి పిలుచుకుంటా ఆపరేషన్ గది వాకిలి దాకా పోయినారు.

హనుమక్క గట్టిపిండం, బతికింది. ఆమె మంచం పట్టినన్నాళ్లూ మా బోగీవాళ్లు పని అయినాక వంతులేసుకొని ఆసుపత్రికి పోయినారు. ఎవరో ఒకరు గంజి తెచ్చేది, ఎవరో ఒకరు చిక్కవెంకటప్పకు ధైర్యం చెప్పేది. అది చూసినాక అమలక్క మళ్లీ పాట ఎత్తుకునింది. ఫాదర్ అడిగినదానికి జవాబు ఏమనుకున్నావని నేను అడిగితే, “ఇంగా తెలీదప్పా. ఊరికే ఉండలేక పాడతా ఉండాను” అనింది.

ఆ ఏడు క్రిస్మస్‌కు ఆమెకు లీవు దొరకలేదు. సరే, పండగ బోగీలోనే చేద్దామని గురురాజ గారు తీర్మానించినారు. పండగనాడు బ్యాంకుకు సెలవని వారం ముందే ఒక రోజు పెట్టుకున్నాము. ఆ తెల్లారి నర్సమ్మలు రంగు కాగితాలు కట్టినారు, మండలివాళ్లు చామంతి దండలు తెచ్చినారు. టేకల్‌లో బండి ఆగితే చిక్కవెంకటప్ప ఒక చంకలో రాగిగడ్డి, ఇంకొక చంకలో బతికుండే మేకపిల్లతో ఎక్కినాడు. యేసుసామి కొట్టంలో పుట్టినాడని హనుమక్కకు ఆసుపత్రిలో అమలక్క చెప్పిందంట. కొట్టమన్నాక మేక లేకుంటే ఎట్లా అని ఆమే పంపించింది. ఆ మేకపిల్ల ఎక్కీ ఎక్కగానే గురురాజ గారి మెడలో దండ నమిలేసి, ఆయన ఒళ్లోనే పడుకునింది.

అంతలో టీసీ వచ్చినాడు. దీనికి టికెట్ యాడ అన్నాడు. గురురాజ గారు మొహం ఏమాత్రం కదలకుండా, “పసిబిడ్డ సార్. ఐదేండ్లు నిండలేదు” అన్నారు. టీసీ పళ్లు బిగబట్టినాడు, అయినా నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. మొహం తిప్పుకొని పక్క బోగీకి పారిపోయినాడు.

మేమంతా కడుపులు పట్టుకొని ఉంటే, అమలక్క ఒక్కతే నవ్వు ఆపి గుమ్మంపక్క చూసింది. గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూస్తా ఉన్నది వాళ్ల ఫాదర్. చర్చికి కొవ్వొత్తులు కొనుక్కొచ్చేదానికి బెంగళూరు పోతా, ఆమె పాడే బోగీ ఇదేనని తెలుసుకొని, టేకల్‌లో పక్క బోగీ దిగి దీంట్లోకి ఎక్కినాడంట. ఆమె లేచి దండం పెట్టింది.

ఆయన నేరుగా గురురాజ గారి దగ్గరికి పోయినాడు. మేకపిల్లను తీసుకొని కడుపు తడిమి చూసినాడు. “దీనికి ఆకలిగా ఉండాది. పూలు తింటే ఏం నిండుతుంది? కొత్తిమీర ఉందా?” అన్నాడు. ఆయన నంగలి అనే ఊరి పక్కన రైతు బిడ్డ అని మాకు అప్పుడు తెలిసింది. చిక్కవెంకటప్ప ఒక కట్ట విప్పిచ్చినాడు. మేకను మేపుతానే ఫాదర్, ఏమమ్మా, పాట ఎత్తుకోలేదే అని అడిగినాడు. అమలక్క ఎత్తుకున్న పాటకు ఆవేళ బోగీ అంతా గొంతు కలిపింది. వైట్‌ఫీల్డ్‌లో ఎక్కినవాళ్లు ఇది పెండ్లి బండేమో అనుకొని అక్షింతలు అడిగినారు!

ఫాదర్ తప్పనీ చెప్పలేదు, ఒప్పనీ చెప్పలేదు. దిగేటప్పుడు మాత్రం ఒక మాట అడిగినాడు. గనిలో పనిచేసి ఊపిరితిత్తులు చెడిన ముసలాళ్లు గనివాళ్ల లైను ఇండ్లలో మంచాలమీద ఉండారు, మీ బోగీవాళ్లు ఒకరోజు అక్కడికి వస్తారా అని.

పోయిన నెల పోయినాము. ఇరుకు ఇల్లు, మంచంమీద మునిశామప్ప అనే పెద్దాయన, ఒక్కొక్క మాటకూ ఊపిరి పోగేసుకుంటా ఉన్నాడు. ఏ దేవుని పాట కావాల పెద్దాయనా అని అమలక్క అడిగింది. “ఏ దేవుడిదైనా సరే,” అన్నాడాయన, “కుప్పిగంతులేసే పాట కావాల.”

అమలక్క కొంగు నడుముకు బిగించింది. గురురాజ గారు చెప్పులు విప్పినారు. నేను తాళాలు తీసినాను. ఆ చిన్న ఇంట్లో మేము ఎగిరితే గిన్నెలు గూట్లోంచి దొర్లినాయి, పక్కింటివాళ్లు వాకిట్లో గుమిగూడినారు, పెద్దాయన మంచంమీద నుంచే రెండు చేతులూ పైకెత్తి ఊపినాడు. నవ్వు ఆపుకోలేక అమలక్క గడపమీద కూలబడింది. “ఇంగొక్కటి,” అన్నాడు మునిశామప్ప.