పిల్లల గదిలో ఇంజిన్ బొమ్మ

విమాన ఇంజిన్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో అందరూ ఆమెను పిన్నీ అని పిలిచేవారు. ఆఫీసర్లు మాత్రం చాటుగా గయ్యాళి అనేవారు. ఆ సంగతి పిన్నికీ తెలుసు. "అనుకోనీ, నోరు లేకపోతే ఇక్కడ పిల్లలకి పాలు కూడా రావు" అనేది.

ఆమె అక్కడి పిల్లల గదిలో ఆయా. బ్లేడ్ల విభాగంలోని తల్లులు షిఫ్టుకి వస్తూ పసివాళ్లను ఆమె చేతికిచ్చి వెళ్లేవారు. ఇంజిన్ లోపల తిరిగే ప్రతి బ్లేడునూ భూతద్దం కింద తిప్పి చూసి, వెంట్రుకంత పగులున్నా పక్కన పెట్టడం వాళ్ల పని. పిన్ని కోడలూ అక్కడే చేసేది. మనవరాలు ఆ గదిలోనే నడక నేర్చింది.

ఇంజిన్ మాత్రం ఎన్నేళ్లయినా కుదిరి చావలేదు. పరీక్షకి పెట్టినప్పుడల్లా వేడెక్కి ఆగిపోయేది. ఫ్యాక్టరీ మూసేస్తారని అందరూ బిక్కుబిక్కుమంటున్న వేళ, ప్రభుత్వం ఆదుకుంటుందని కబురొచ్చింది. కోడలు సంతోషం పట్టలేక ఏడ్చేసింది. పిన్ని పిల్లలందరికీ బిస్కెట్లు పంచింది.

ఆ సాయంతో పెద్దలు మొట్టమొదట చేసిన ఘనకార్యం పిల్లల గదిని ఖాళీ చేయించడం. మంత్రిగారు చూడ్డానికి వస్తారట. గోడలకి అద్దాలు, నేలకి తివాచీ, నడిమధ్య తళతళలాడే ఇంజిన్ బొమ్మ! పిల్లలకేమో ఇంజిన్ని పరీక్షించే షెడ్డు వెనక రేకుల గది ఇచ్చారు. ఇంజిన్ మొదలైతే రేకులు దడదడలాడేవి. పసివాళ్లు గుక్కపట్టి ఏడ్చేవారు. మనవరాలు చెవులు మూసుకుని బల్ల కిందికి దూరి, ఎంత బతిమాలినా బయటికి రాలేదు.

పిన్ని తిన్నగా మేనేజరు గదికెళ్లింది.

"కొన్నాళ్లు సర్దుకో పిన్నీ. ఇంజిన్ నిలబడితే మనందరం నిలబడతాం" అన్నాడాయన.

"అయితే మీరెళ్లి ఆ రేకుల కింద కూర్చోండి సార్. ఎలా సర్దుకోవాలో చూసి నేర్చుకుంటా."

మంత్రిగారొచ్చిన రోజు, మనవరాల్ని చంకనేసుకుని ఆయనకి అడ్డంగా నిలబడి అంతా చెప్పింది. ఆయన పిల్ల బుగ్గ గిల్లి, "భలే మాట్లాడుతున్నావే అమ్మా!" అని నవ్వాడు. వెంటనే మేనేజరూ, చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకన్నట్టు, ఆ నవ్వుకి పిన్ని ఒళ్లు భగ్గుమంది.

మర్నాడు పొద్దున్నే పిల్లలందర్నీ అద్దాల గదిలోకి తోలుకెళ్లింది. తివాచీ మీద బొంతలు పరిచింది. ఉతికిన గుడ్డలు ఇంజిన్ బొమ్మ మీద ఆరేసింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఇదంతా ప్రభుత్వ సొమ్ము! తెలుసా నీకు?"

"సొమ్మొకడిది సోకొకడిది అని తెలుసు. ఆ సొమ్ములో ఈ తల్లుల చెమట లేదా? మీ ఇంజిన్ ఇన్నేళ్లకీ ఎగరలేదు. నా పిల్లలు ఏడాది తిరక్కుండా నడుస్తున్నారు. ఎవరికి గది ఇవ్వాలో మీరే చెప్పండి!"

ఆయన కాపలావాళ్లను పిలిచాడు. ఈలోగా కబురు పై అంతస్తులోని బ్లేడ్ల విభాగానికి పాకింది. "అత్తయ్యా, ఊరుకోండి, ఉన్న ఉద్యోగాలు పోతాయి" అని రాత్రంతా బతిమాలిన కోడలే అందరికంటే ముందు మెట్లు దిగి వచ్చింది. బ్లేడ్ల విభాగం మొత్తం ఆమె వెనకే దిగి గుమ్మంలో నిలబడింది. కాపలావాళ్లు అడుగు వెయ్యలేకపోయారు. వీళ్లు చూడందే ఒక్క బ్లేడూ ముందుకు కదలదు. సాయంత్రానికి మేనేజరు దిగొచ్చాడు. బొమ్మను ఆయన గది ముందున్న వరండాకి మోయించారు. గది పిల్లలకే దక్కింది.

ఆ కసి ఆయన కడుపులో ఉండిపోయింది. నెల తిరక్కుండానే వయసు మీరిందని పిన్నిని ఇంటికి పంపేశారు. తల్లులు పని ఆపేస్తామన్నారు. "నా కోసం ఆపకండి. గది మళ్లీ అడిగితే అప్పుడు ఆపండి" అని ఆమే వద్దంది. గేటు దాటేదాకా మేనేజర్ని తిడుతూనే ఉంది.

ఇంజిన్ ఆ తరవాతి పరీక్షలోనూ ఆగిపోయింది. ప్రభుత్వం మళ్లీ ఆదుకుంది. టీవీలో ఆ వార్త వింటూ, "దానికి ఎన్నిసార్లు చెడినా వయసు మీరదు కాబోలు!" అని పిన్ని చేతిలో ఉన్న గిన్నెను విసిరికొట్టింది. కోడలు వెళ్లి టీవీ కట్టేసింది.